58కి దిగనా, 63కి వెళ్లనా, అసలు మానేయనా?

విజయనగరం జిల్లా నుంచి ఒక అమ్మాయి ఏడు పేజీల ఉత్తరం రాసింది. వయసు ఇరవై, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పేరూ ఊరూ వేయవద్దంది కాబట్టి వేయడం లేదు. ఆమె చెప్పినదంతా ఇక్కడ పట్టదు, ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను.

పదకొండో ఏట నుంచి వెయిట్ లిఫ్టింగ్ చేస్తోంది. నాన్న జూట్ మిల్లు కార్మికుడు. పొద్దున్నే షిఫ్టుకు వెళ్తూ సైకిల్ మీద కూతుర్ని ప్రాక్టీసు హాలు దగ్గర దించేవాడట. అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. ఈ పిల్ల 59 కేజీల విభాగంలో రాష్ట్ర స్థాయిలో పతకాలు తెచ్చింది, జూనియర్ నేషనల్స్‌కి వెళ్లింది. ఇప్పుడు వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి సాధన చేస్తోంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరి ఆశ.

2025 జూన్‌లో బరువు విభాగాలు మారాయి. 59 పోయి 58 వచ్చింది. ఈమె మామూలు బరువు 61. కోచ్ 58కి దిగమన్నాడు. "సార్ రోజూ పొద్దున్నే అందర్నీ హాల్లోనే కాటా ఎక్కించి, బోర్డు మీద పేర్ల పక్కన బరువులు రాస్తారు. ఎక్కువున్నవాళ్ల అంకె చుట్టూ ఎర్ర సున్నా చుడతారు. అబ్బాయిలు కూడా అక్కడే ఉంటారు. ఆగస్టు నుంచి నా అంకె చుట్టూ సున్నా లేని రోజు లేదు" అని రాసింది. రాత్రి అన్నం మానేసింది. పోటీకి ముందు రెండు రోజులు నీళ్లు మానేసి, స్వెట్టర్ మీద రెయిన్‌కోటు వేసుకుని హాస్టల్ మేడ మీద పరుగెత్తింది. డబ్బాలో ఉమ్మి ఊస్తూ కూర్చుంది. డిసెంబరు పోటీలో 57.8 తూగింది. కానీ స్నాచ్‌లో, అంటే బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తే పోటీలో, మూడు ప్రయత్నాలూ పోయాయి. అంతకుముందు 80 ఎత్తిన చేతులు 74 కూడా నిలపలేకపోయాయి. ఆ రాత్రి బస్టాండులో రెండు ప్లేట్ల బిర్యానీ తిని, హాస్టల్‌కి వచ్చి దుప్పటి కప్పుకుని బిస్కెట్లు తిన్నది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒకసారి వేలు పెట్టుకుని వాంతి చేసుకుంది. నాలుగు నెలలుగా పీరియడ్స్ లేవు. "లేకపోతేనే హాయిగా ఉందే" అంది ఒక సీనియర్. ఇంకో సీనియర్ "నీళ్లు తగ్గే మాత్ర" ఇస్తానంది.

ఇంట్లో సంగతి వేరే ఉంది. వైశాఖంలో పిన్ని కూతురి పెళ్లి. సంక్రాంతికి వెళ్లినప్పుడు జాకెట్టు కుట్టడానికి అమ్మ కొలతలు తీసింది. "చేతి చుట్టూ టేపు పెట్టి 13 అంది. నమ్మకం లేక మళ్లీ కొలిచింది. మళ్లీ 13. టేపు మెడలో వేసుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఈ బుజాలేటే, ఎవులు సేసుకుంతారే నిన్ను, అంది. తిట్టినట్టు అనలేదు. ఏడుపు గొంతుతో అంది." అప్పటి నుంచి అద్దంలో చూసుకోవడం మానేశానని రాసింది. "హాల్లో నేను లావు. ఇంట్లో నేను మగరాయుణ్ణి. ఇందులో ఏది నిజం? 58కి దిగనా, 63కి వెళ్లనా, మానేయనా?" చివర్లో, తటపటాయిస్తూ రాసినట్టు, ఇంకో చిన్న ప్రశ్న: పెళ్లికి ఫుల్ చేతుల జాకెట్టు వేసుకోనా?

*

తల్లీ, నా వయసుకు నువ్వు మనవరాలివి. అందుకని నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో పీరియడ్స్ సంగతి ఐదో పేజీలో, రెండే వాక్యాల్లో ఉంది. నేను మాత్రం అక్కడ నుంచే మొదలుపెడతాను. కాటా సంగతి, కోచ్ సంగతి, పెళ్లి సంగతి అన్నీ వారం ఆగగలవు. ఇది ఆగకూడదు. వరసగా మూడు నెలలు పీరియడ్స్ రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. ఇది ఆటగాళ్లకూ వర్తిస్తుంది. ఇంకా చెప్పాలంటే ఆటగాళ్లకే ఎక్కువ వర్తిస్తుంది. నువ్వు రోజుకు నాలుగైదు గంటలు బరువులెత్తుతావు. ఆ పనికి కావలసినంత తిండి లోపలికి వెళ్లకపోతే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. ప్రాణం నిలవడానికి అప్పటికప్పుడు అవసరం లేని పనులు ఒక్కొక్కటే ఆపేస్తుంది. నెలసరి ఆగడం అందులో మొదట కనిపించేది. కనిపించనిది ఎముక. ఎముక గట్టిపడేది ఈ వయసులోనే. ఆ హార్మోన్లు తగ్గిన నెలల్లో ఎముక పలచబడుతుంది, ఆ ఎముక మీదే నువ్వు నీ ఒంటి బరువుకు మించిన బార్‌బెల్ మోస్తున్నావు. ఇది నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు. చాలినంత తినకుండా ఆడేవాళ్లకు వచ్చే ఈ స్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఒక పేరు పెట్టింది. అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ వస్తుందని అప్పుడే చెప్పింది.

లేకపోతేనే హాయి అన్న ఆ సీనియర్ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు. పీరియడ్స్ అంటే ఆటకు అడ్డం అనే మాట మన హాళ్లలో ఎంతకాలంగానో నడుస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన లిఫ్టర్ మీరాబాయి చాను ఒక్క కేజీ తేడాతో పతకం పోగొట్టుకుని, బయటికి వచ్చి కెమెరాల ముందు ఇవాళ నా పీరియడ్ మూడో రోజు అని చెప్పింది. ముప్పై నిండబోతున్న మనిషి, అప్పటికే ఒలింపిక్ రజతం ఉన్న మనిషి, దాచుకోవలసిన సంగతి కాదన్నట్టు మామూలుగా చెప్పింది. నువ్వు డాక్టరమ్మ ముందు ఆ మాత్రం చెప్పగలవు.

గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు "డేట్ రావట్లేదు" అని ఊరుకోవద్దు. ఎన్ని గంటలు సాధన, ఎన్ని నెలల్లో ఎన్ని కేజీలు తగ్గావు, ఏ పూట తినడం మానేశావు, వాంతి సంగతి, అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లు. థైరాయిడ్ వంటి వేరే కారణాలు కూడా ఉండవచ్చు, వాళ్లు పరీక్షలు చేసి చెబుతారు. రక్తం ఎంతుందో, ఐరన్ నిల్వ ఎంతుందో కూడా చూడమను. పీరియడ్ తెప్పించే మాత్ర ఒక్కటే రాసి పంపేస్తే, తిండి తక్కువై ఆగిందేమో చూడండి అని నువ్వే అడుగు. మాత్రతో నెలసరి వచ్చినా అసలు లోటు లోటుగానే ఉండిపోవచ్చు.

నీళ్లు తగ్గే మాత్ర మాత్రం ముట్టుకోవద్దు. ఆ మందులు డోపింగ్ నిషేధిత జాబితాలో ఉన్నాయి. పోటీ ఉన్నా లేకున్నా, ఎప్పుడు దొరికినా నిషేధమే. సీనియర్ ఇచ్చింది, నాకు తెలీదు అన్న జవాబు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల ముందు చెల్లదు. తొమ్మిదేళ్ల కష్టం ఒక మాత్రకు పోతుంది. అది అటుంచి, నీళ్లు మానేసి చెమట కార్చిన మనిషికి ఆ మాత్ర గుండె మీద దెబ్బ కొట్టగలదు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు, నెల రోజుల పైచిలుకు వ్యవధిలో ఒకరి తర్వాత ఒకరు, ఇలాగే బరువు దింపబోయి చనిపోయారు. గాలి ఆడని సూటు వేసుకుని వేడి గదిలో చెమట కార్చడం వాళ్ల పద్ధతి. నువ్వు మేడ మీద రెయిన్‌కోటులో చేసింది అదే. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల్లో ఆ సూట్లనూ ఆ వేడి గదులనూ నిషేధించారు. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు. నీకూ తెలియాలి, నీ పక్క మంచం అమ్మాయికీ తెలియాలి.

ఇక నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న. ఇందులో ఏది నిజం అన్నావు.

ఒక్కసారి తేదీలు చూడు. 2025 మే 31న 59 విభాగానికి నువ్వు సరైన బరువు అమ్మాయివి, కాస్త రెండు కేజీలు అటు ఇటు. జూన్ 1 నుంచి అంతర్జాతీయ సమాఖ్య విభాగాలు మార్చింది. ఆడవాళ్లకు 48, 53, 58, 63, 69, 77, 86, ఆ పైన. 59 అనేదే లేకుండా పోయింది. ఆ రాత్రి నువ్వు పడుకుని లేచావు. నీ ఒంట్లో తులం మారలేదు. కానీ ఆగస్టు నాటికి నీ అంకె చుట్టూ ఎర్ర సున్నా పడింది. ఎక్కడో ఒక సమావేశంలో కూర్చుని గీసిన గీత అది. దాన్ని నువ్వు నీ ఒంటి తప్పుగా తీసుకున్నావు. ఆ గీతలు ఎన్నిసార్లు మారాయో మన జిల్లాల వాళ్లకు తెలియాలి. కరణం మల్లీశ్వరి సిడ్నీలో పతకం తెచ్చిన 69 కేజీల విభాగాన్ని 2018లో తీసేశారు, 2025లో మళ్లీ పెట్టారు. మధ్యలో ఆ ఏడేళ్లు 69 కేజీలున్న అమ్మాయిలందరూ తప్పు బరువు మనుషులైపోయారా?

కాటా అబద్ధం చెప్పదు. కానీ అది చెప్పేది ఆ నిమిషానికి నీ ఎముక, కండ, నెత్తురు, పొద్దున తాగిన నీళ్లు, నిన్న తిన్న ఉప్పు అన్నీ కలిపి ఎంతో మాత్రమే. నెలసరి రోజుల్లో కేజీ దాకా అటు ఇటు కావచ్చు. లావు, సన్నం, బద్ధకం, క్రమశిక్షణ అనే మాటలు కాటాకు రావు. అవి బోర్డు మీద సుద్ద ముక్క పట్టుకున్న మనిషి చేర్చినవి.

మీ కోచ్ దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. నువ్వు రాసినదాన్ని బట్టే చూస్తే, నీకు జ్వరం వచ్చినప్పుడు సొంత డబ్బుతో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆయన కూడా కుర్రతనంలో ఇలాగే చెమట కార్చి, ఇలాగే ఉమ్మి ఊసి బరువు దింపి ఉంటాడు. ఆయన కోచ్ ఆయన చుట్టూ సున్నా చుట్టి ఉంటాడు. ఆయన ఉద్యోగానికి విలువ మీ పతకాలతోనే. 58లో అయితే ఎత్తవలసిన మొత్తం తక్కువ, పతకం దగ్గరలో ఉందని ఆయన లెక్క. లెక్కగా చూస్తే అందులో అర్థం ఉంది. కానీ డిసెంబరులో ఆ లెక్క తప్పింది కదా. 61 కేజీలప్పుడు స్నాచ్ 80 ఎత్తావు. 57.8 కేజీలప్పుడు 74 నిలవలేదు. నీకు జరిగింది బలహీనత కాదు, నీళ్లు లేని ఒళ్లు చేయగలిగింది అంతే. మీ ఆటలో పోటీకి రెండు గంటల ముందు బరువు చూస్తారు. రెండు రోజులు నీళ్లు మానేసిన మనిషి ఆ కొద్ది సమయంలో మామూలు మనిషి కాలేడు. వినేశ్ ఫోగట్ సంగతి దేశమంతా చూసింది. పారిస్‌లో 50 కేజీల కుస్తీ విభాగంలో ఒక్క రోజులో ముగ్గురిని ఓడించి ఫైనల్‌కి వెళ్లింది. రాత్రంతా నిద్ర లేకుండా బరువు దింపారు, చివరికి జుట్టు కూడా కత్తిరించారు. తెల్లారి 100 గ్రాములు ఎక్కువ. అంతకుముందు ఏళ్ల తరబడి 53లో కుస్తీ పట్టిన మనిషి ఆమె. ఆ రోజు మన టీవీల్లో అందరూ 100 గ్రాముల గురించి మాట్లాడారు. ఆ మూడు కేజీల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

బోర్డు సంగతి వేరుగా చెప్పాలి. అంతర్జాతీయ పోటీల్లో కూడా అమ్మాయిల బరువు తలుపు మూసిన గదిలో, ఆడ అధికారుల ముందు చూస్తారు. అంత పెద్ద పోటీకి అవసరం లేని బహిరంగం రోజువారీ సాధనకు ఎందుకు? ఇది నువ్వు ఒక్కదానివే వెళ్లి అడిగితే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది. మీ బ్యాచ్‌లో నలుగురైదుగురు అమ్మాయిలు కలిసి, గొడవలా కాకుండా, "సార్, మా బరువు వేరే గదిలో చూసి మీ పుస్తకంలో రాసుకోండి, వారానికి రెండుసార్లు చాలు" అని అడగండి. ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోవచ్చు, కొన్నాళ్లు ముభావంగా ఉండవచ్చు. దానికి సిద్ధపడే అడగండి. కాటా దగ్గర ఎవరైనా ఒంటి గురించి వెకిలి మాట అన్నా, చెయ్యి వేసినా అది ఇక బతిమాలుకునే విషయం కాదు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలసిన విషయం. నీ ఉత్తరంలో అలాంటిది లేదు. ఉంటే మాత్రం దాచకు.

ఇప్పుడు అమ్మ.

మా అమ్మమ్మగారి ఊరు మీ వైపే. రచ్చబండ పక్కన సంగిడి రాయి ఉండేది. పండక్కి కుర్రాళ్లు దాన్ని ఎత్తేవాళ్లు. ఎత్తినవాడి మెడ, భుజాలు చూసి ముసలివాళ్లు మురిసిపోయేవాళ్లు. కోడి రామ్మూర్తి నాయుడి నేల కదా అది. ఆయన్ని కలియుగ భీముడన్నారు, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్నాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. బలమైన ఒంటిని అంతగా ప్రేమించిన ప్రాంతం నాకు ఇంకోటి తెలీదు. అదే భుజం ఆడపిల్లకు వస్తే మాత్రం పేరు మారిపోతుంది. నీకు 13 అంగుళాల చెయ్యి ఎవరో అంటగట్టినది కాదు. తొమ్మిదేళ్లు, ఎండనక వాననక, మీ నాన్న సైకిల్ వెనక కూర్చుని వెళ్లి నువ్వు సంపాదించుకున్నది. అది మగ చెయ్యి కాదు. బరువులెత్తే ఆడమనిషి చెయ్యి. ఆ చేతిని పొలంలో, ఇటుక బట్టీలో, మూట మోసేచోట మనం రోజూ చూస్తూనే ఉన్నాం. పెళ్లి ఫోటోలో చూడటమే మనకు అలవాటు లేదు.

మీ జిల్లాలోనే కొండవెలగాడ ఉంది. మత్స సంతోషి ఆ ఊరి నుంచి వెళ్లే 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో రజతం తెచ్చింది. ఆ ఊళ్లో ఎందరో ఆడపిల్లలు బార్‌బెల్ ఎత్తుతారు. వీలైతే ఒక ఆదివారం అమ్మను తీసుకుని ఆ ఊరు వెళ్లి రా. సాధన చేసే పిల్లల తల్లులతో అమ్మను మాట్లాడనివ్వు. నువ్వు పది మాటలు చెప్పేకంటే ఇంకో తల్లి నోటి నుంచి ఒక మాట వింటే ఆమెకు నెమ్మదిస్తుంది. పెళ్లి భయం తల్లులకు ఊరికే పుట్టదు. నలుగురూ అనబోయే మాట ముందుగా తన చెవుల్లో వినబడి ఆమె అలా అంది. టేపు మెడలో వేసుకుని చాలాసేపు ఏమీ అనలేదని రాశావే, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ కాసేపట్లో ఆమె తనలో తను ఏదో పోట్లాడుకుంది. ఆ పోట్లాటలో నీ పక్షాన మాట్లాడేవాళ్లు ఆమెకు దొరకలేదు. నువ్వు మాట్లాడు. సమర్థించుకుంటున్నట్టు కాదు. "అమ్మా, నాలుగు నెలల నుంచి నాకు నెల రావట్లేదు, అన్నం తినడానికి భయమేస్తోంది" అని చెప్పు. భుజాల మీద ఉన్న ఆమె దృష్టి అప్పుడు నీ ప్రాణం మీదికి మళ్లుతుంది. డాక్టరు దగ్గరికి తోడు ఎవరొస్తారని నువ్వు రాయలేదు. నా లెక్కలో ఆమే.

నువ్వు రాసిన మూడు దారులూ చూద్దాం. నాలుగోది ఒకటి నేను చేరుస్తాను.

58కి దిగడం. ఇది పూర్తిగా తప్పు దారి అని అనను. కానీ నీకు ఇప్పుడు కాదు. నెలసరి మళ్లీ క్రమంగా వచ్చాక, డాక్టరు సరే అన్నాక, పోటీలు లేని నెలల్లో, ఆటగాళ్ల తిండి తెలిసిన డైటీషియన్ చూస్తుండగా, మూడు కేజీలను మూడు నాలుగు నెలలకు పరిచి దిగవచ్చు. నీళ్లు మానడం, పూటలు మానడం లేకుండా. ఇలా చేస్తే పతకం కాస్త దగ్గరవుతుంది. అయితే దుప్పట్లో బిస్కెట్లు తిన్న మనిషికి మళ్లీ తిండిని కొలుచుకునే పని పెడితే పాత గాయం రేగే అవకాశం ఎక్కువ. ఆ మాట నీతో నిజాయితీగా అనుకోగలిగితేనే ఈ దారి.

63. దీన్ని నువ్వు "ఎక్కడం" అని రాశావు, ఇంకో రెండు కేజీలు పెరగాలేమో అన్నట్టు. పెరగక్కర్లేదు. ఆ విభాగం అంటే 58 పైన, 63 లోపు. అన్నం తిని, నీళ్లు తాగి, 61తో లేచిన నువ్వు ఇప్పటికే 63 అమ్మాయివి. ఇబ్బంది ఏమిటంటే అక్కడ పోటీ పడే వాళ్లు ఎత్తే మొత్తాలు ఎక్కువ. మొదటి ఏడాది, రెండో ఏడాది పతకం రాకపోవచ్చు, ఎంపికల్లో పేరు కిందికి పోవచ్చు, ఉద్యోగం ఆ మేరకు వెనక్కి వెళ్లవచ్చు. ఇంట్లో డబ్బు అవసరం ఎంత తొందరగా ఉందో నాన్నతో కూర్చుని మాట్లాడుకోవాలి. ఉద్యోగ నోటిఫికేషన్లలో ఏ స్థాయి పోటీని లెక్కలోకి తీసుకుంటారు, నీ పాత సర్టిఫికెట్లు ఎంతవరకు పనికొస్తాయి అన్నది ముందే చదువుకో. పై విభాగానికి వెళ్తే ఆట అయిపోయినట్టే అని మీ హాల్లో అంటారని రాశావు. మల్లీశ్వరి 1994లో, 1995లో ప్రపంచ చాంపియన్ అయింది 54 కేజీల విభాగంలో. 2000లో సిడ్నీలో మొత్తం 240 కేజీలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయినప్పుడు ఆమె విభాగం 69. 54, 69 అనే ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని, నీకు ఆ మాట చెప్పినవాళ్లకు చూపించు.

మానేయడం. అలసిపోయి మానేయాలనుకుంటే అది నీ హక్కు, తొమ్మిదేళ్లు ఆడినంత మాత్రాన ఆటకు బాకీ పడలేదు. కానీ నువ్వు రాసిన కారణం అలసట కాదు. "మానేస్తే భుజాలు తగ్గుతాయి, అమ్మకు దిగులు తగ్గుతుంది" అన్నావు. భుజాలు నెమ్మదిగా కొంత తగ్గుతాయి. దిగులు తగ్గుతుందన్న నమ్మకం నాకు లేదు. ఇప్పుడు చెయ్యి కొలిచిన చూపు తర్వాత రంగును కొలుస్తుంది, ఎత్తును కొలుస్తుంది. ఈ శీర్షికకు వారం వారం వచ్చే ఉత్తరాల్లో ఏ ఆటా ఆడని అమ్మాయిలే ఎక్కువ. వాళ్లూ అద్దం చూడలేకపోతున్నామనే రాస్తారు.

నేను చేర్చేది: ఈ సీజను వదిలేయడం. ఆట కాదు, సీజను మాత్రమే. నాలుగైదు నెలలు బరువు లెక్క పక్కన పెట్టి, డాక్టరు చెప్పినంత మేరకు తేలిక సాధన చేస్తూ, మూడు పూటలా తిని, నెలసరి తిరిగి వచ్చేదాకా ఆగడం. కోచ్‌కు డాక్టరు చీటీ చూపించి చెబితే వినే అవకాశం ఎక్కువ. నోటి మాటను సాకు అనుకునేవాళ్లు కూడా చీటీని కాదనడానికి వెనకాడతారు. నష్టం ఉంది. ఒక ఎంపిక పోతుంది, తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతారు, హాస్టల్ సీటు గురించి ముందే అడిగి తేల్చుకోవాలి. నేను నీ స్థానంలో ఉంటే ఇక్కడ మొదలుపెట్టి, 58, 63 సంగతి ఆ తర్వాత తేల్చుకుంటాను. కానీ ఒళ్లు నీది, ఇంటి పరిస్థితి నీకు తెలిసినంత నాకు తెలీదు.

తిండి గురించి ఒక్క మాట. బస్టాండులో రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నందుకు నిన్ను నువ్వు చాలా తిట్టుకున్నావు. నెలల తరబడి ఎండగట్టిన ఒళ్లు తిండి కనబడగానే మీద పడింది. అది సహజం. పూటలు మానడం ఆగితే ఆ ఆకలి చాలావరకు దారిలోకి వస్తుంది. పొద్దున సాధనకు ముందు మీ వైపు చోడి (రాగి) అంబలి తాగేవాళ్లు, అది మళ్లీ మొదలుపెట్టు. రాత్రి అన్నం మానవద్దు. వాంతి చేసుకోవడం మాత్రం, ఒక్కసారే అయినా, నేను తేలిగ్గా తీసుకోను. మళ్లీ ఆ ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సహాయం టెలి మానస్, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లినా మంచిదే. మోకాలు నొప్పికి వెళ్లినట్టే వెళ్లు. రీల్స్‌లో పొట్ట మీద గీతలు చూపించే అకౌంట్లన్నీ ఈ నాలుగు నెలలు ఫోన్లోంచి తీసెయ్. వాళ్లు నీ ఆట ఆడేవాళ్లు కారు.

అద్దం చూసి తీరాలని నేను చెప్పను. చూడలేని రోజు చూడకు. కానీ లిఫ్ట్ సరిచూసుకోవడానికి మీరు ఫోన్లో వీడియోలు తీసుకుంటారు కదా. నువ్వు 80 ఎత్తిన రోజు వీడియో ఉంటే ఒకసారి చూడు. బార్ తల పైన నిలిచినప్పుడు కింద నిన్ను నిలబెట్టింది ఏ భుజాలో అందులో కనబడుతుంది. అమ్మకు ఆ వీడియో ఎప్పుడైనా చూపించావా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. నువ్వు బరువెత్తడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదేమోనని నా అనుమానం.

జాకెట్టు సంగతి అడిగావు. వైశాఖం ఎండలో, పెళ్లి పందిట్లో ఫుల్ చేతులు ఉక్కపోస్తాయి. నీకు ఫుల్ చేతులంటే ఇష్టమైతే వేసుకో, దాచుకోవడానికైతే వద్దు. ఇంకా రెండు నెలలు టైముంది కాబట్టి అమ్మ ఆ గుడ్డ కత్తిరించి ఉండదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మళ్లీ కొలవమను. చెయ్యి కిందికి వేలాడేసి కాదు, పైకెత్తి, మోచెయ్యి మడిచి కొలత ఇవ్వు. లూజుకు ఇంకో అర అంగుళం వదలమను. అక్షింతలు వేసేటప్పుడు కుట్టు పట్టేయకుండా ఉంటుంది.